కుదుపు

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. మిరుగు కార్తె దాటి నాలుగు వానలు పడ్డాయి. తాండూరు అవతల రాధాకిషన్ సేటు నాపరాళ్ళ గనిలో తడిసిన మట్టి జారింది. దాని వెంట ఒక బండ జారి, కింద వంగి పని చేస్తున్న జంగప్ప నడుము మీద పడింది. బండ మరీ పెద్దదేం కాదు. పక్కనున్న ఇద్దరు పట్టి అవతల పడేశారు. కానీ జంగప్ప లేవలేకపోయాడు.

తాండూరు కాంపౌండర్ శంకరప్ప సైకిల్ మీద వచ్చాడు. జంగప్పను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాళ్ళ దగ్గర కూర్చుని బొటనవేళ్ళు నొక్కి, "తెలుస్తున్నదా?" అని అడిగాడు.

"తెలుస్తున్నది."

"కదిలియ్యి."

రెండు పాదాల వేళ్ళూ కదిలాయి. శంకరప్ప లేచి, జంగప్ప భార్య మొగులమ్మను పక్కకు పిలిచాడు. ఆమె కూడా ఆ గనిలోనే బండల అంచులు చెక్కే పనిలో ఉంది. చేతికి ఇంకా రాతిపొడి అంటుకొని ఉంది.

"నడుము ఎముక కాడ ఏదో అయిందమ్మా. విరిగిందో, పగిలిందో ఎక్స్‌రే ఫోటో తీస్తె గాని తెల్వదు. వికారాబాద్ మిషన్ దవాఖానకు కొంచవోవాలె. ఇప్పుడైతె కాళ్ళల్ల పానమున్నది. నడుము వంగినా, కుదుపు తగిలినా అది పోవచ్చు."

"రైలుకు పోదామా సార్?"

"పొద్దుటి బండి పాయె. ఇంకోటి పొద్దుగూకినంకనే. అందాంక గిట్లనే పండవెడితె వాపు ఎక్కుతది. జీపుల పోండ్రి. పైలంగ పోండ్రి. దారిపొంటి వేళ్ళు నొక్కి అడుగుతుండు. నిద్రపోనియ్యకు."

రాధాకిషన్ సేటు మారుమాట అనకుండా జీపు ఇచ్చాడు. తన అల్లుణ్ణి తీసుకురావడానికి పరిగి పోవలసిన బండి అది. అది పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన వాటిలో ఒకటి. పై కప్పు గుడ్డ చిరిగింది, పచ్చ రంగు ఎక్కడికక్కడ లేచిపోయింది, కానీ ఇంజను గట్టిది. గని బాటలో, దున్నిన పొలాల్లో, వాగుల్లో ఎక్కడికైనా పోతుంది. దాన్ని నడిపేది యోహాను. పదేళ్ళకు పైగా ఆ బండి మీదే ఉన్నాడు. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కళ్ళు మూసుకొని చెప్పగలడు.

ఆ పొద్దు అతనికి ఆ బండి మీద నమ్మకం కుదరలేదు. ముందు సీటు ఒకటి ఊడదీశాడు. గని షెడ్డు తలుపు పీకి, బొంత పరిచి, దాని మీద జంగప్పను పడుకోబెట్టి రుమాళ్ళతో కట్టారు. తల యోహాను మోచేతి పక్కకు, కాళ్ళు వెనక్కు వచ్చేటట్టు తలుపును జీపులో పెట్టారు. ఖాళీ బండి ఎగురుతుందని యోహాను రెండు ఇసుక బస్తాలు వేయించాడు. చక్రాల్లో గాలి కొంచెం తీశాడు. మొగులమ్మ వెనక మూలన ఒదిగి కూర్చుని భర్త పాదాలు రెండూ ఒడిలో పెట్టుకుంది.

"యోహానన్నా," అన్నది ఆమె. "నిమ్మళంగ."

"నిమ్మళంగనే పోత చెల్లె. ఫికర్ చెయ్యకు."

ఫికరంతా తనకే ఉంది. నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా మాత్రమే పోనిచ్చాడు. గుంత కనబడితే ఆపి, దిగి చూసి, ఏ పక్కనుంచి పోవాలో చూసుకొని మళ్ళీ ఎక్కాడు. వెనకనుంచి మొగులమ్మ గొంతు వినబడుతూనే ఉంది.

"తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది."

"ఎడమది?"

"అదీ తెలుస్తున్నది. ఊకె గిచ్చకే, వేళ్ళు ఊడొస్తయి," అన్నాడు జంగప్ప. కాసేపాగి, "అన్నా, సేటు అల్లుడు పరిగిల ఎదురుచూస్తుండా?" అన్నాడు.

"చూడనియ్యి."

"నా మూలాన కొత్తల్లుడు బస్సుల నిలవడి రావట్టె." నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు.

జీపు పెద్దేముల్ దాటింది. అక్కడినుంచి రోడ్డు చెడ్డది. వానకు మట్టి కొట్టుకుపోయి కంకర పైకి లేచింది. అడ్డంగా ఒక కాలువ గండి, పైన నీళ్ళు నిలిచి లోతు తెలియకుండా ఉంది. యోహాను ముందు చక్రాలు మెల్లగా దింపాడు, ఎక్కించాడు. వెనక చక్రాలు దిగాయి. ఎక్కేటప్పుడు ఠంగుమని చప్పుడైంది.

అది రాయి తగిలిన చప్పుడు కాదు. ఇనుము విరిగిన చప్పుడని యోహానుకు తెలిసిపోయింది. బండి గండి దాటింది గానీ, దాటాక ఊగడం ఆపలేదు. వెనక భాగం లేచి, దిగి, మళ్ళీ లేచింది. జంగప్ప అరిచిన అరుపుకు రోడ్డు పక్క చేనులో కొంగలు లేచాయి.

యోహాను బండి ఆపి ఇంజను బంద్ చేశాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం రాలేదు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి.

"తెలుస్తున్నదా? ఓ, మాట్లాడు. తెలుస్తున్నదా?"

జవాబు రావడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది.

"తెలుస్తున్నది."

యోహాను దిగి బండి కిందికి దూరాడు. ఎడమ వెనక షాకబ్జర్ కింది కొస ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు మధ్యకు విరిగింది. సగం ఎక్కడో గండిలో పడిపోయింది, సగం తుప్పు పట్టి, అది దూరే ఇనుప పట్టా కన్నంలోనే ఉండిపోయింది. పాకుతూ కుడివైపు పోయి చూశాడు. అక్కడి బోల్టు ఇంకా విరగలేదు. కానీ వేలితో తడిమితే సగం దాకా నెర్ర తగిలింది. రెండు దిక్కులా బోల్టు చుట్టూ ఉండే రబ్బరు చితికి పొడి అయింది.

కమాన్ పట్టీల స్ప్రింగులు బండిని ఎగరేస్తే ఆ ఎగురుడును పట్టి ఆపేవి షాకబ్జర్లు. అవి లేకున్నా బండి నడుస్తుంది. రాళ్ళు మోసే రోజైతే యోహాను పట్టించుకోకుండా ఊరు చేరేవాడే. కానీ ఇప్పుడు ఒక్క గుంతకు బండి మూడుసార్లు ఎగురుతుంది. ప్రతి ఎగురుడూ ఆ తలుపు మీది నడుముకు తగులుతుంది.

బయటికి వచ్చేసరికి మొగులమ్మ అతని ముఖమే చూస్తోంది.

"ఏమైందన్నా?"

ఏం కాలేదు అందామనుకున్నాడు. నోటికి రాలేదు.

"వెనకాల బోల్టు విరిగింది. ఇంకోటి విరగడానికి తయారున్నది. గిట్లనే పోతె బండి ఊయలూగినట్టు ఊగుతది."

"మరి?"

"వెనక్కు పోదామంటె మల్ల గా గండే దాటాలె. ఇక్కడ ఆగి బాగు చేసుకుందామంటె..." అతను తూర్పు దిక్కు చూశాడు. అనంతగిరి గుట్టల మీద ఆకాశం నల్లబడింది. అక్కడ వాన పడితే ధారూర్ ఇవతలి వాగుకు నీళ్ళు వస్తాయి. ఇక్కడ చినుకు పడకపోయినా వస్తాయి. వాగు మీద వంతెన లేదు. నీళ్ళు లేచాయంటే ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

మొగులమ్మ కూడా అటే చూసింది. ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది.

"వాగు నిండితె ఆగి పోవచ్చు," అన్నది. "కాళ్ళు పోతె మల్ల రావు. బాగు చెయ్యన్నా."

బండిని జాకీ మీద లేపాలి. విరిగిన ముక్కను సుత్తెతో కొట్టి తీయాలి. మనిషి పైన ఉండగా అది కాదు. జంగప్పను దింపాలంటే ఇద్దరితో అయ్యే పని కాదు. ఎదురుచూశారు. యోహాను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. చివరికి పెద్దేముల్ వైపునుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. నర్సింహులు అనే రైతు, అతని తమ్ముడు విత్తనాల జొన్నలు వేసుకొని పోతున్నారు. సంగతి వినగానే దిగారు.

నలుగురూ తలుపు నాలుగు మూలలు పట్టారు. "నేను ఊ అన్నప్పుడు ఎత్తుండ్రి," అన్నాడు యోహాను. తలుపు నీళ్ళ గిన్నెలాగ మెల్లగా బయటికి వచ్చింది. రోడ్డు పక్క చదునైన చోట మోదుగు చెట్టు కింద దింపారు.

"అన్నా, నువ్వు గీ వేలు పట్టుకో," అన్నది మొగులమ్మ నర్సింహులుతో. "నొక్కుకుంట తెలుస్తున్నదా అని అడుగుతుండు. నిద్రపోనియ్యకు."

ముక్కూ మొహం తెలియని మనిషి కాలివేలు పట్టుకోవడానికి నర్సింహులు ఒక్క క్షణం వెనకాడాడు. తర్వాత గొంతుకూర్చుని రెండు బొటనవేళ్ళూ పట్టుకున్నాడు. "ఏ ఊరు బిడ్డా మీది?" అని జంగప్పను మాటల్లో పెట్టాడు. చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్టు పిలుస్తున్నానని అతనికి తోచలేదు. జంగప్ప కూడా పట్టించుకోలేదు. "యాలాల్ కాడ," అని చెప్పసాగాడు.

కొత్త బోల్టులు ఎక్కడినుంచి తేవాలి? యోహాను పనిముట్ల డబ్బా కుమ్మరించాడు. ఉన్నవన్నీ పొట్టివి. స్పేర్ చక్రం బిగించినవి సన్నవి. బండి చుట్టూ తిరిగి, వెనక ట్రాలీ తగిలించే కొక్కెం దగ్గర ఆగాడు. దానికి లావు బోల్టులున్నాయి. రెండు తీసినా కొక్కెం ఊడిపోదు. ఊడిపోయినా ఈ రోజు ట్రాలీతో పనిలేదు.

అవి తుప్పుకు బిగుసుకుపోయాయి. పానా వేసి బలం చూపిస్తే జారి వేళ్ళు గీసుకుపోయాయి. ఇంజను నూనె కాస్త తీసి పోశాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు. ఒకటి వచ్చింది. రెండోది వచ్చేలోపు తూర్పున ఉరిమింది. తొందరలో పానా కింద పడితే తనను తానే తిట్టుకున్నాడు.

విరిగిన ముక్క ఇంకా పట్టాలోనే ఉంది. కింద పడుకొని ఉలి ఆనించి కొడుతుంటే సుత్తె ఆడడానికి చోటు లేదు. యోహాను భుజాలు వెడల్పు. పది దెబ్బల్లో ఒకటి తగిలితే తొమ్మిది పక్కకు పోతున్నాయి.

"నువ్వు లేవన్నా," అన్నది మొగులమ్మ. "నేను కొడ్త. నాకు రోజూ ఇదే పని."

ఆమె కొంగు నడుముకు చుట్టి లోపలికి జరిగింది. యోహాను అవతలి వైపునుంచి చెయ్యి పెట్టి ఉలి పట్టాడు. ఆమె పెద్దగా కొట్టలేదు. రాతి అంచు లేపుతున్నట్టు ఒకే చోట, ఒకే బలంతో కొడుతూ పోయింది. ప్రతి రెండు దెబ్బల మధ్యా చెట్టు కిందినుంచి నర్సింహులు గొంతు వినబడింది, "తెలుస్తున్నదా?" దానికి జంగప్ప జవాబు. జవాబు వినబడ్డాకే ఆమె మళ్ళీ సుత్తె ఎత్తింది. ఒకసారి జవాబు రాలేదు. సుత్తె గాలిలోనే ఆగిపోయింది.

"ఏందన్నా, పలుకుతలేడా?"

"నీళ్ళు తాగుతుండమ్మా!" అని కేకేశాడు నర్సింహులు తమ్ముడు.

ఆమె కళ్ళు మూసుకొని ఒక్క ఊపిరి తీసుకొని, మళ్ళీ కొట్టింది. ముక్క కదిలింది. ఇంకో నాలుగు దెబ్బలకు తుప్పు రాల్చుకుంటూ ఊడి మట్టిలో పడింది.

కొక్కెం బోల్టు రంధ్రంలో వదులుగా ఉంది. రబ్బరు కావాలి. యోహాను తన టైరు చెప్పులు విప్పి, కత్తితో పట్టీలుగా కోసి బోల్టుకు చుట్టి, షాకబ్జర్ కన్నులోకి తోశాడు. బిగిశాయి. కుడివైపు నెర్రబడిన బోల్టు కూడా తీసి అట్లనే చేశాడు. తర్వాత జాకీ దింపి, వెనకనుంచి బండిని రెండు చేతులా అదిమి వదిలాడు. ఒక్కసారి లేచి ఆగింది. ఇంకోసారి అదిమాడు. ఆగింది.

"ఎంత దూరం ఆగుతదో తెల్వదు," అన్నాడు. "పోదాం పాండ్రి."

నలుగురూ కలిసి జంగప్పను మళ్ళీ ఎక్కించారు. నర్సింహులు చేతులు దులుపుకోలేదు. "వాగు కాడ మనుషులు కావలసి వస్తది," అని తమ్ముణ్ణి ఎడ్లబండి మీద వదిలి, జీపు ముందు బానెట్ పక్క మడ్గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు.

యోహాను ఉత్తి కాళ్ళతో క్లచ్చి తొక్కుతూ, చెవులు రెండూ వెనక చక్రాల మీద పెట్టి నడిపాడు. ప్రతి గుంతకూ ఆ ఠంగుమనే చప్పుడు కోసం భయపడ్డాడు. అది రాలేదు. రాకపోవడం కూడా భయంగానే ఉంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఇవతలి ఒడ్డున ఒక బస్సు ఆగి ఉంది. జనం దిగి నిలబడ్డారు. వాగులో ఎర్ర నీళ్ళు మోకాలి లోతున పారుతున్నాయి. ఇంకా పెరిగేటట్టే ఉన్నాయి.

"జీపు దాటుతది," అన్నాడు యోహాను. "ఇప్పుడైతె దాటుతది. ఇంకా ఆగితె దాటదు."

మొగులమ్మ నీళ్ళ కింద పరిచిన రాళ్ళ బాటను చూసింది. చాలా చోట్ల రాళ్ళు లేచి, నీళ్ళు వాటి మీద గిరగిరా తిరుగుతున్నాయి.

"బండి ఒక్కటే పోనియ్యన్నా. మనిషిని మోసుకపోతం."

"నీళ్ళల్ల కాలు జారితె?"

"జారితె నలుగురు పట్టుకుంటరు. బండి ఎగిరితె ఎవరు పట్టుకుంటరు?"

యోహాను దిగి రుమాళ్ళ ముడులు ఒక్కొక్కటే లాగి బిగించాడు. ఆమె అప్పటికే బస్సు వాళ్ళ దగ్గరికి పోయింది. ఏం చెప్పిందో గానీ, ధోవతులు ఎగ్గట్టుకొని ఆరుగురు మగవాళ్ళు వచ్చారు. మోమిన్‌పేట సంతకు పోతున్న గొర్ల బేరగాళ్ళు కొందరు, ఎవరో పట్వారీ ఒకడు. నర్సింహులుతో కలిసి తలుపును భుజాల మీదికి ఎత్తుకున్నారు. మొగులమ్మ నీళ్ళలో పక్కనే నడిచింది, చెయ్యి పైకి చాపి భర్త పాదం వదలకుండా.

యోహాను జీపును ముందు దాటించాడు. ఖాళీ బండే రాళ్ళ మీద ఎగిరెగిరి పడింది. అవతలి ఒడ్డున దిగి వెనక్కి తిరిగాడు. తలుపు వాగు నడుమకు వచ్చింది. అప్పుడు నర్సింహులు కాలి కింద రాయి దొర్లింది.

తలుపు ఒక మూల కిందికి ఒరిగింది. జంగప్ప ఎడమ కాలు నీళ్ళను తాకింది. రుమాళ్ళు బిగుసుకున్నాయి, మనిషి జారలేదు. పట్వారీ నీళ్ళలో మోకాళ్ళ మీద కూలబడి ఆ మూలను భుజంతో ఎత్తాడు. అంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. జంగప్ప అరవలేదు. యోహానుకు ఆ అరుపు రాకపోవడానికే ఎక్కువ భయమేసింది.

ఒడ్డున దింపగానే మొగులమ్మ వేలు నొక్కింది.

"తెలుస్తున్నదా?"

"కుడిది తెలుస్తున్నది."

"ఎడమది?"

జంగప్ప ఆకాశం వంక చూశాడు. "నొక్కుతున్నవా?" అన్నాడు.

ఆమె నొక్కుతూనే ఉంది. వేలి మీద ఆమె గోరు గుర్తు పడింది.

"నీళ్ళకు చల్లవడ్డది," అన్నాడు నర్సింహులు. "వేడెక్కితె వస్తది."

ధారూర్ దాటి వికారాబాద్ బాట పట్టారు. మొగులమ్మ ఆ పాదాన్ని కొంగులో చుట్టి రుద్దుతూ కూర్చుంది. అడగడం మానేసింది. షాకబ్జర్లు ఆగాయి. చెప్పుల రబ్బరు ఆగింది. ఇంకొక్క కుదుపు కూడా తగలలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చూసింది, ఫోటో తీయించింది. ఎముక నెర్రిచ్చింది, లోపలి నరం తెగలేదు, నలిగింది. పిండికట్టు వేసి నెలలపాటు కదలకుండా పడుకోబెట్టాలి. కుడికాలు బాగుంటుంది. ఎడమది చూడాలి.

యోహాను వరండాలో ఆమెకు ఎదురుపోయాడు.

"అమ్మా, గండికాడ బండి ఎగిరింది. వాగుల తలుపు ఒరిగింది. దేనివల్ల గిట్లయింది?"

డాక్టరమ్మ అతని ఉత్తి కాళ్ళ వంక, గ్రీజు చేతుల వంక చూసింది. "బండ వడ్డప్పుడే అయిండొచ్చు. మెల్లగ వాపు ఎక్కి తర్వాత తెలుస్తది ఒక్కొక్కసారి. నేను చెప్పలేను బాబూ. ఎవరూ చెప్పలేరు."

అబద్ధమైనా ఒక మాట గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది యోహానుకు. బయట మొగులమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. అతను పోయి పక్కన కూర్చున్నాడు.

"నేను మోసుకపోదామన్న," అన్నది ఆమె, నేల చూస్తూ. "నేనే అన్న."

"బండిల దాటిస్తె ఇంకా ఏమయ్యేదో నేను చూసిన చెల్లె. ఖాళీ బండి ఎట్ల ఎగిరిందో ఒడ్డునుంచి నువ్వు చూడలె. నేను చూసిన."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది, నిజం చెబుతున్నాడా అని. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టి, పొద్దుటినుంచి ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. నర్సింహులు దూరంగా నిలబడి తన తడి రుమాలు పిండుకుంటూ ఉన్నాడు. వాగు తగ్గేదాకా అతనికి ఇంటికి దారి లేదు. ఆ రాత్రి ముగ్గురూ దవాఖాన అరుగు మీదే పడుకున్నారు.

దసరా దాటాక జంగప్పను పంపించారు. వచ్చింది రైలులో. యోహాను జీపు తీసుకొని తాండూరు స్టేషన్‌కు పోయాడు. సేటు హైదరాబాద్ నుంచి కొత్త షాకబ్జర్లు తెప్పించి వేయించాడు. ముందు సీటు మీద యోహాను దుప్పటి మడిచి పరిచాడు.

జంగప్ప రైలు డబ్బాలోనుంచి కర్ర సాయంతో దిగాడు. కుడికాలు గట్టిగా పడుతోంది. ఎడమ పాదం ముందుభాగం లేవక నేలను గీరుతోంది. ఇక గనిలోకి దిగలేడు. సేటు రాళ్ళు లెక్కచూసే పని ఇస్తానన్నాడని మొగులమ్మ చెప్పింది.

యోహాను పరుగున పోయి చెయ్యి పట్టబోయాడు. జంగప్ప జీపును పైనుంచి కిందిదాకా చూసి తల అడ్డంగా ఊపాడు.

"నడుస్తనన్నా. మస్తు రోజులు పండుకున్న."

"గని దాంకనా? దూరమున్నది."

"ఎంత దూరం నడిస్తె అంత. అలసిపోతె ఎక్కుత."

మొగులమ్మ మూట నెత్తిన పెట్టుకొని అతని పక్కన నడిచింది. యోహాను బండిని మొదటి గేరులో పెట్టి వెనక వెనకే పోనిచ్చాడు. ఆ పాదం రాయికి తట్టుకున్నప్పుడల్లా అతని కాలు బ్రేకు మీదికి పోతోంది. బజారు దాటారు, రైలుగేటు దాటారు. జంగప్ప ఇంకా ఎక్కలేదు.